బ్రేకు దీపము చెప్పెడి మాట

కారు నడుపువారికెల్లరకును పరిచితమైన దృశ్యమొకటి కలదు. తాళపుచెవిని త్రిప్పగానే ముందరి పలకపై ఎఱ్ఱనివి, పసుపుపచ్చనివి చిన్న చిన్న దీపములు ఒక్కుమ్మడి వెలుగును. రెండు మూడు క్షణములలో ఒక్కొక్కటిగా ఆరిపోవును. మనము వాని వంక చూడము. మన చూపు వీథి మీదనో, చేతిలోని ఫోను మీదనో ఉండును. ఆ దీపములలో ఒకదానిపై ఒక వలయమును, ఆ వలయము నడుమ ఎ, బి, ఎస్ అను మూడు ఇంగ్లీషు అక్షరములును కనిపించును. నేటి మా ప్రసంగము ఆ యొక్క దీపమును గూర్చియే.

ఇంత చిన్న దీపమునకు ఒక ప్రసంగమా యని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. మేమును ఒకప్పుడు దానిని అంత చిన్నదిగానే ఎంచితిమి. 2022వ సంవత్సరము ఆగస్టు మాసమున కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయి, ఒక వృద్ధ గాయకుని పాటలు రికార్డు చేసికొని మా సొంత కారులో తిరిగి వచ్చుచుంటిమి. వాన వెలిసిన రాత్రి. రైలు గేటు వద్ద పట్టాల గతుకులు దాటినంతనే ఆ పసుపు దీపము వెలిగినది. వెలిగినది ఆరలేదు. ప్రక్కన కూర్చున్న సహోద్యోగికి చూపితిమి. ఆయన తేలికగా నవ్వి, "బ్రేకు బాగానే పడుతోంది కదండీ! ఇంకేం భయం? తీరిగ్గా చూపించుకోవచ్చు" అనెను. పెడలు త్రొక్కి చూచితిమి. నిజముగనే బ్రేకు పడుచున్నది. తీరికగా చూపించుకొనవచ్చునని మేమును అనుకొంటిమి.

ఆయన మాటలో సగము నిజము కలదు. మిగిలిన సగమేమో తెలియవలెనన్నచో ఆ మూడక్షరముల యంత్రము చేయు పని యేమో ముందు తెలిసికొనవలెను.

పరుగెత్తుచున్న చక్రము నేలపై దొర్లుచున్నంతవరకు నేలను పట్టుకొనియుండును. మనము త్రిప్పిన వైపునకు తిరుగును. బ్రేకు మిక్కిలి గట్టిగా త్రొక్కినప్పుడు, అందును తడిసిన వీథిపై, చక్రము బిగిసి నిలిచిపోవును గాని కారు నిలువదు. నిలిచిన చక్రముతోనే ముందునకు జారిపోవును. జారెడి చక్రమునకు దిక్కు లేదు. స్టీరింగు కుడికి త్రిప్పినను ఎడమకు త్రిప్పినను కారు సూటిగనే పోవును. ఈ బిగింపును నివారించునదే ఎ.బి.ఎస్. ప్రతి చక్రము వద్దను వేగమును కనిపెట్టు సెన్సారు ఒకటి యుండును. అవి పంపు వార్తలను చిన్న కంప్యూటరు ఒకటి క్షణక్షణము చదువుచుండును. ఒక చక్రము తక్కినవానికంటె హఠాత్తుగా మందగించి బిగిసిపోవుచున్నదని తోచినచో, ఆ చక్రమునకు పోవు బ్రేకు ద్రవపు ఒత్తిడిని వాల్వుల ద్వారా సడలించి, మరల పెంచి, మరల సడలించును. ఒక్క సెకనులో ఇది పలుమారులు జరుగును. అప్పుడు పాదము క్రింద పెడలు గడగడలాడును. అది చెడిపోయిన గుర్తు కాదు, పనిచేయుచున్న గుర్తు. ఆ అదురు తెలిసి కాలు తీయువారు చాలమంది కలరు, తీయరాదు. త్రొక్కిన పెడలును త్రొక్కియుంచి, కారును త్రిప్పవలసిన వైపునకు త్రిప్పవలెను.

ఈ ఊహ మొదట విమానములది. 1950ల దశకమున డన్లప్ సంస్థవారి మాక్సరెట్ అను యంత్రము విమాన చక్రములు తడి రన్‌వేలపై బిగిసిపోకుండ కాపాడినది. 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అను బ్రిటిషు కారులో అదియే కొద్ది మార్పులతో అమర్చబడినది. ఎలక్ట్రానిక్ కంట్రోలుతో నాలుగు చక్రములకును పనిచేయు ఆధునిక రూపమును బాష్ సంస్థవారు 1978లో మెర్సిడెస్ బెంజ్ పెద్ద కార్లకు సమకూర్చిరి. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి అమ్ముడగు క్రొత్త కార్లకు ఇది తప్పనిసరి యైనది. అంతకు పూర్వము ఎక్కువ ధర పెట్టినవారికే ఇది లభించెడిది.

ఇక దీపము సంగతి. తాళము త్రిప్పగానే ఆ కంప్యూటరు తన్ను తాను పరీక్షించుకొనును. అంతయు సరిగా ఉన్నచో దీపమారును. ఏదేని లోపము కనబడినచో మూడు పనులు చేయును. మొదటిది, తాను పని మానుకొనును. రెండవది, దీపము వెలిగించును. మూడవది, ఆ లోపమునకు ఒక సంఖ్య నిచ్చి తన జ్ఞాపకమున వ్రాసికొనును. లోపమొక్క చక్రముననే యుండగా యంత్రమంతయు ఏల పని మానవలెనని ప్రశ్న రావచ్చును. చెడిన సెన్సారు 'చక్రము నిలిచిపోయినది' అని అబద్ధపు వార్త పంపినదనుకొందము. కంప్యూటరు దానిని నమ్మి, సరిగా దొర్లుచున్న చక్రమునకు బ్రేకు సడలించివేయును. అంతకంటె అపాయము వేరొకటి లేదు. కావున సందేహము కలిగినప్పుడు తప్పుకొని, మామూలు బ్రేకును మామూలుగా పనిచేయనిచ్చుట వివేకము. అదియే అది చేయునది.

మా సహోద్యోగి మాటలోని సగము నిజమిదియే. పసుపు దీపమొక్కటే వెలిగినప్పుడు సామాన్యమైన బ్రేకు ఉండును. జారకుండ కాపాడు రక్ష మాత్రము ఉండదు. ఎఱ్ఱని బ్రేకు దీపము వెలిగిన సంగతి వేరు. చేతిబ్రేకు దింపినను అది ఆరకున్నచో బ్రేకు ద్రవము తగ్గియుండవచ్చును. అప్పుడు ప్రక్కకు ఆపి చూడక ముందడుగు వేయరాదు. పసుపు, ఎఱుపు రెండును కలిసి వెలిగినచో ముందు వెనుక చక్రములకు బ్రేకు బలమును పంచెడి ఏర్పాటుకూడ దెబ్బతినినదని అనేక కార్లలో అర్థము. అట్టి కారును నడపక, లాగించుకొని పోవుట మేలు.

మా కారును మరునాడు ఇంటికి దగ్గర నున్న ఒక చిన్న వర్క్‌షాపునకు తీసికొనిపోతిమి. అచ్చటి యువకుడు అగ్గిపెట్టెయంత పరికరమునొకదానిని స్టీరింగు క్రింది సాకెట్టులో గ్రుచ్చి, ఫోనులో చూచి, "కోడ్లేమీ లేవు సార్, ఏమీ ఫర్వాలేదు" అనెను. దీపము మాత్రము వెలుగుచునే యున్నది. ఆ యువకుడు అబద్ధమాడలేదు. ఆయన పరికరము చదివినది ఇంజను సంగతులను మాత్రమే. ఆ పదునారు రంధ్రముల సాకెట్టు 1996 నుండి అమెరికాలో చట్టముచేత తప్పనిసరి యైనది. కాని ఆ చట్టము ఉద్దేశించినది పొగను, దానికి కారణమగు ఇంజనును. కావున తక్కువ ధర పరికరములు ఇంజను కోడ్లను చదువగలవు. బ్రేకు కంప్యూటరును పలుకరింపనే లేవు. ఒక గదిలో దీపము వెలుగుచుండగా వేరొక గది తలుపు తట్టి 'ఎవరును లేరు' అనుట వంటిదిది. స్కానరు కొనువారును, దానిచే పరీక్ష చేయించుకొనువారును 'ఇది ఎ.బి.ఎస్. కోడ్లను చదువునా?' అని ముందుగా అడుగవలెను.

స్కానర్లు వ్యాపింపకమునుపు ఈ కోడ్లను చదువుటకు వేరొక ముచ్చటైన మార్గముండెడిది. దీపమే మాటలాడెడిది. 1990ల నాటి అనేక టొయోటా కార్లలో డయాగ్నాస్టిక్ సాకెట్టులోని టి.సి., ఇ1 అను రెండు రంధ్రములను చిన్న తీగముక్కతో కలిపి తాళము త్రిప్పినచో, ఎ.బి.ఎస్. దీపము లెక్కపెట్టుటకు వీలుగా మిణుకుమిణుకుమనును. మూడు మినుకులు, ఒకటిన్నర సెకను విరామము, మరల ఒక మినుకు. అనగా 31. అది ముందరి కుడి చక్రపు సెన్సారునకు సంబంధించినది. 32 ముందరి ఎడమ, 33 వెనుక కుడి, 34 వెనుక ఎడమ. 41 వచ్చినచో బ్యాటరీ వోల్టేజి తగ్గినదని, 51 వచ్చినచో పంపు మోటారు తిరుగుటలేదని అర్థము. ఒకటికంటె ఎక్కువ కోడ్లున్నచో రెండున్నర సెకనుల విరామముతో చిన్న సంఖ్య మొదలు పెద్ద సంఖ్య వరకు చెప్పుకొనుచుపోయి మరల మొదటికి వచ్చును. ఏ లోపమును లేనిచో ఎడతెగక, సమానమైన తాళముతో త్వరత్వరగా మినుకుచునే యుండును. తంతి కార్యాలయములలో కట్టకట ధ్వనులు విని వార్తలు వ్రాసికొన్న తరమువారికి ఇది బాగుగ తెలిసిన విద్యయే. మన దేశమున తంతి 2013లో ఆగిపోయినది. దాని చుట్టమొకటి కారు డాష్‌బోర్డులో ఇంకను కొంతకాలము బ్రతికినది. అయితే తీగముక్కను తెలియని రంధ్రములలో గ్రుచ్చరాదు. అదే సాకెట్టులో బ్యాటరీ కరెంటు ఉండు రంధ్రముకూడ ఉండును. తయారీదారు ఇచ్చిన పుస్తకమును చూడక ఊహతో చేసినచో ఫ్యూజులు పోవుట సులభము, అంతకంటె విలువైనవి పోవుటయు సులభమే.

నేటి కార్లలో స్కానరు ఒక అక్షరమును, దాని వెంట నాలుగు స్థానముల సంఖ్యను చూపును. పి అను అక్షరము ఇంజను, గేరుపెట్టెలది. బి శరీరభాగములది. యు కంప్యూటర్ల నడుమ వార్తాహరణమునకు చెందినది. సి అనునది చాసిస్, అనగా బ్రేకులు, స్టీరింగు మొదలగువానిది. ఎ.బి.ఎస్. కోడ్లు ఎక్కువగా సి తోనే మొదలగును. అక్షరము తరువాత సున్న యున్నచో అది అందరును పాటించు ప్రమాణమును అనుసరించినదనియు, ఒకటి యున్నచో తయారీదారు సొంతముగ పెట్టుకొన్నదనియు సామాన్య నియమము. కాని ఈ నియమమును పూర్తిగా నమ్మరాదు. జనరల్ మోటార్స్ కార్లలో సి 0035 అనగా ముందరి ఎడమ చక్రపు సెన్సారు వలయము. సి 0040 ముందరి కుడి. టొయోటాలో ముందరి కుడి చక్రమునకు సి 0200, ముందరి ఎడమకు సి 0205. కావున కోడును చదివిన పిదప దాని అర్థమును ఆ కారు తయారీదారు పుస్తకముననే వెదుకవలెను. పొరుగువాని కారు నిఘంటువు మన కారునకు చెల్లదు.

కుడి ఎడమల విషయమున ఇంకొక మాట. కోడు చెప్పెడి కుడి, ఎడమ కారులో కూర్చున్న డ్రైవరువి. బానెట్టు ఎత్తి కారునకు ఎదురుగా నిలిచిన మెకానిక్కునకు అవి తారుమారగును. మంచి చక్రమును విప్పి, చెడ్డదానిని అట్లే వదలివేసిన సంఘటనలకు ఇది యొక కారణము.

మా కథకు మరల వత్తము. రెండవమారు కొంచెము పెద్ద వర్క్‌షాపునకు పోతిమి. వారికి తగిన స్కానరు కలదు. అది స్పష్టముగ చెప్పినది: 'ముందరి ఎడమ చక్రపు వేగ సెన్సారు వలయములో లోపము.' వారు దానిని చూచి, "సెన్సార్ పోయింది సార్, మార్చేస్తే సరి" అనిరి. నాలుగువేల పైచిలుకు రూపాయలిచ్చి మార్పించితిమి. దీపమారినది. ఇంటికి సంతోషముగ వచ్చితిమి. మూడవనాడు అదే దీపము, అదే విధముగ, ఒక గతుకు దాటగనే మరల వెలిగినది. మాకు విసుగు కలిగినది. ఇది యేదో చెడ్డ దీపమనియు, కారు మంచిదే యనియు మాలో మేము తీర్మానించుకొంటిమి. దీపముతో కాపురము చేయుటకు అలవాటు పడితిమి.

ఆ ఆదివారము మా శ్రీమతిని, ఆమె తల్లిగారిని ఒక పెండ్లికి తీసికొనిపోవుచుంటిమి. వెనుక సీటు నుండి మా అత్తగారు ముందుకు వంగి, "అల్లుడుగారూ, ఆ పసుపు దీపం ఎందుకు వెలుగుతోంది?" అని అడిగిరి. "ఏమీ లేదండీ అత్తయ్యగారూ, అదలా వెలుగుతూనే ఉంటుంది" అంటిమి. అరగంట తరువాత కాలువ గట్టు వెంబడి పోవుచుండగా సన్నని జల్లు మొదలైనది. మలుపు వద్ద ఒక గేదె కాలువలో నుండి గట్టెక్కి వీథి నడుమకు వచ్చినది. బ్రేకు బలముగ త్రొక్కి, స్టీరింగు కుడికి త్రిప్పితిమి. చక్రములు బిగిసినవి. కారు కుడికి తిరుగలేదు. తడిసిన తారుపై నిశ్శబ్దముగ, సూటిగ, కాలువ వైపునకు సాగినది. ఆ రెండు మూడు క్షణములలో మేమేమి చేసితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. ఏమియు చేయలేదు, పెడలును ఇంకను గట్టిగా త్రొక్కియుంటిమి. గట్టు అంచునకు రెండు మూరల దూరమున, గడ్డిలో, కారు దానంతట అదియే ఆగినది. గేదె తన దారిని తాను పోయినది. చాలసేపు కారులో ఎవరును మాటాడలేదు. పిదప మా అత్తగారు మెల్లగా, "ముందు ఆ దీపం సంగతి చూడండి అల్లుడుగారూ" అనిరి. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు.

రక్ష లేని బ్రేకుతో కారు జారినప్పుడు చేయవలసినదేమో అటు పిమ్మట నేర్చుకొంటిమి. పాదమును కొంచెము సడలించవలెను. సడలించినచో చక్రము మరల దొర్లును, దొర్లినచో తిరుగును. భయపడిన మనిషి పాదము సడలదు; అందులకే ఆ యంత్రమును కనిపెట్టిరి. ఆ యంత్రము పని మానినదని దీపము పది దినములుగ మాకు చెప్పుచునే యున్నది.

సోమవారము సెలవు పెట్టి, ఒకరు చెప్పగా, ఊరి చివర నున్న ఒక పెద్దవయసు మెకానిక్కు వద్దకు పోతిమి. కథయంతయు చెప్పి, సెన్సారు మార్చిన రసీదు చూపితిమి. ఆయన రసీదు చదివి, "కోడు సెన్సార్ పోయిందనలేదు బాబుగారూ. సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అంది. రెండిటికీ చాలా తేడా ఉంది" అనెను. ఆ మాట మాకు చెంప మీద కొట్టినట్లు తగిలినది. ఏలయన మా వృత్తిలో ఇది రోజూ చూచుచున్న సంగతియే. స్టూడియోలో మైక్రోఫోను గరగరలాడినప్పుడు మా ఇంజనీరు మైక్రోఫోనును పారవేయడు. ముందు దాని తీగను అటునిటు కదిలించి చూచును. పదింట తొమ్మిదిమార్లు లోపము తీగలోనో, తీగ చివర కూర్పులోనో ఉండును. మైక్రోఫోను విషయమున తెలిసినది కారు విషయమున మాకు తోచలేదు.

సర్క్యూట్ అనగా సెన్సారు ఒక్కటియే కాదు. సెన్సారు, దాని తీగలు, తీగలను కూర్చు కనెక్టరు, కంప్యూటరులో అది చేరు పిన్ను, సెన్సారునకు ఎదుట తిరుగు పండ్లచక్రము, ఇవన్నియు కలిసి ఒక వలయము. కోడు ఆ వలయపు చిరునామాను మాత్రమే చెప్పును. ఉత్తరముపై వీథి పేరు వ్రాసియున్నది. ఇల్లు మనము వెదుకుకొనవలెను.

ఆ మెకానిక్కు వెదకిన క్రమమును చెప్పెదము. అది యెల్లరకును ఉపయోగపడును. మొట్టమొదట ఆయన కోడ్లన్నియు ఒక కాగితముపై వ్రాసికొనెను. వ్రాసికొనకమునుపు చెరుపలేదు. పిదప బ్యాటరీ వోల్టేజి చూచెను. బ్యాటరీ బలహీనమైనప్పుడు లేని లోపములు ఉన్నట్లు కనబడును. కావున కరెంటు సంగతి తేలకుండ వేరొకటి విప్పరాదు. మూడవది, నాలుగు టైర్లును ఒకే కొలతవియా యని చూచెను. ఒకటి చిన్నదైనచో అది తక్కినవానికంటె వేగముగ తిరుగును. కంప్యూటరు దానిని లోపమని పొరబడవచ్చును. నాలుగవది, చక్రమును రెండు చేతులతో పట్టి ఊపి బేరింగు వదులైనదా యని పరీక్షించెను. బేరింగు ఆడినచో సెన్సారునకు, పండ్లచక్రమునకు నడుమ నుండవలసిన సన్నని ఎడము మారిపోవును. ఐదవది, సెన్సారు కొనను చూచెను. అయస్కాంతము గల కొనకు బ్రేకు అరుగుదలలోని ఇనుపరజను అంటుకొని గడ్డము వలె పెరుగుట కలదు. తుడిచినంతనే జబ్బు మానుటయు కలదు. పండ్లచక్రమునకు త్రుప్పు పట్టి పగిలినదా, ఒక పన్ను విరిగినదా యని దీపము వేసి చూచెను.

ఇవన్నియు బాగుగనే యున్నవి. అప్పుడాయన స్కానరులో కోడ్ల పుటను విడిచి, నాలుగు చక్రముల వేగములను ఒక్కసారిగ చూపు పుటను తెరచెను. మమ్ము నెమ్మదిగ కారు నడుపుమని, తాను ప్రక్కన కూర్చుండెను. నాలుగు అంకెలును ఇరువది వద్ద కలిసి సాగుచున్నవి. స్టీరింగు పూర్తిగ కుడికి త్రిప్పి ఒక గుంటలో దింపినంతనే ముందరి ఎడమ చక్రపు అంకె ఒక్క క్షణము సున్నకు పడి మరల లేచినది. ఆయన "దొరికింది" అనెను. ఆ చక్రమును విప్పి, షాక్ అబ్జార్బరు వెంబడి పోవు సెన్సారు తీగను వ్రేళ్ళతో తడుముచు పోయి ఒకచోట ఆగెను. తీగను పట్టియుంచవలసిన క్లిప్పు ఎప్పుడో ఊడిపోయినది. చక్రము తిరిగినప్పుడెల్ల తీగ ఇనుమునకు రాసికొని పైపొర అరిగినది. లోపలి రాగి పచ్చబారినది. ఒకటి రెండు పోగులపై మాత్రము నిలిచియున్నది. నేల సమముగ నున్నంతసేపు ఆ పోగులు వార్తను మోయును. గతుకు వచ్చినప్పుడు విడిపోవును. సెన్సారు మార్చినప్పుడు తీగ కదలి ఆ పోగులు మరల కలిసినవి. దీపము రెండు దినములు ఆరుటకు కారణమంతే. ఆ తీగభాగమును మార్చి, క్రొత్త క్లిప్పు వేసి, కోడు చెరిపి, ఆయన పుచ్చుకొన్నది సెన్సారు ధరలో ఆరవ వంతుకూడ లేదు.

ఈ పని చేయువారికి మరి రెండు జాగ్రత్తలు. సెన్సార్లు రెండు జాతులు. పాతవి అయస్కాంతము, తీగచుట్ట గలవి. చక్రమును చేతితో త్రిప్పినను కొద్దిపాటి ఏ.సి. వోల్టేజి పుట్టించును. వీనిని మల్టీమీటరుతో కొలిచినచో తరచుగ వేయి ఓముల నుండి రెండువేల ఓముల వరకు చూపును. సరియైన అంకె తయారీదారు పుస్తకమున నుండును. క్రొత్తవి కంప్యూటరు నుండి కరెంటు తీసికొని పనిచేయునవి. వీనిని ఓములలో కొలుచుట నిరర్థకము, హానికరముకూడ. ఇది మొదటి జాగ్రత్త. రెండవది, నేటి అనేక కార్లలో ఇనుప పండ్లచక్రమునకు బదులు బేరింగు సీలులోనే కంటికి కనబడని అయస్కాంతపు పట్టీ ఉండును. బేరింగు మార్చునప్పుడు ఆ ప్రక్కను సెన్సారు వైపునకే పెట్టవలెను. తలక్రిందులు చేసినచో బేరింగు బాగుగ తిరుగును, సెన్సారు బాగుగ నుండును, దీపము మాత్రము ఆరదు. బేరింగు మార్చిన వెంటనే దీపము వెలిగినదని ఎవరైన చెప్పినచో ముందు అనుమానింపవలసినది దీనినే.

కోడు చెరుపుట మరమ్మతు కాదని వేరుగ చెప్పనక్కరలేదు. కాని చెరుపుటనే మరమ్మతుగ అమ్మువారు కలరు. కొన్ని యంత్రములు కారు కదలినగాని సెన్సార్లను పరీక్షింపవు. కావున చెరిపి ఆరిన దీపమును వర్క్‌షాపు గుమ్మములోనే చూచి సంతోషింపక, ఒక పర్యాయము గతుకుల దారిలో నడిపి చూచి డబ్బు చెల్లించుట మంచిది. ఇంతకంటె చెడ్డ ఉపాయము ఇంకొకటి కలదు. బల్బు తీసివేయుట, లేక దీపముపై నల్లని పట్టీ అంటించుట. పాత కారు కొనువారు ఈ మోసమును ఒక్క క్షణములో కనిపెట్టవచ్చును. తాళము త్రిప్పినప్పుడు ఆ దీపము ఒకమారు వెలిగి ఆరవలెను. ఎప్పుడును వెలుగనిచో ఆ కారు ఆరోగ్యముగ నున్నదని కాదు. దాని నోరు నొక్కివేసిరని అర్థము.

ఎ.బి.ఎస్. సర్వరోగనివారిణి యని మేము చెప్పుటలేదు. గులకరాళ్ళ దారిలోను, వదులుమట్టిలోను అది ఉన్న కారు ఆగుటకు ఇంకను కొంత ఎక్కువ దూరము పట్టవచ్చును. అరిగిన టైర్లకు అది పట్టు నీయలేదు. మితిమీరిన వేగమును క్షమింపదు. అది ఇచ్చునది ఒక్కటే: భయముతో పెడలును అదిమిన మనిషికి సైతము స్టీరింగు త్రిప్పుకొను అవకాశము. కాలువ గట్టున ఆ అవకాశము విలువ యెంతయో మాకు తెలిసినది.

మా కారు ముందరి పలకపై ఆ దీపము ఇప్పుడును ప్రతిదినము మూడు క్షణములు వెలిగి ఆరుచున్నది. ఆరువరకు మేము కారును కదలింపము. వెనుక సీటులో మా అత్తగారున్న దినమున ఆమెయు ముందుకు వంగి చూచి, ఆరిన పిదప "ఇక పోనివ్వండి" అందురు. శ్రోతలు రేపు ఉదయము తాళము త్రిప్పునప్పుడు ఆ మూడు క్షణములు ఆగి చూతురుగాక. దీపము ఆరినచో సుఖముగ వెళ్ళి రండు. ఆరకున్నచో, దాని మాటను పూర్తిగ చదువగలవారి వద్దకు ఆ దినముననే పొండు.